రీబౌండ్ తరువాత మొదటి పాస్

సంపాదకులకు,

అయ్యా,

మా పర్లాకిమిడిలో ఒక పాఠశాల సిమెంటు కోర్టు మీద ఇటీవల జరిగిన బాలికల బాస్కెట్‌బాల్ ఆట చూసినప్పటి నుంచి మనసులో మెదులుతున్న ఒక విషయాన్ని, మీ పత్రిక ద్వారా ఈ సరిహద్దు ప్రాంతపు శిక్షకుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. ప్రత్యర్థుల షాట్ తప్పి బంతి రింగుకు తగిలి పైకి లేవగా, మా ఊరి జట్టులోని పొడవాటి అమ్మాయి రెండు చేతులా దాన్ని చక్కగా అందుకుంది; ఇలా తప్పిన షాట్ బంతిని అందుకోవడమే రీబౌండ్. అందుకున్న మరుక్షణమే తల వంచుకుని, బంతిని నేలకు కొడుతూ డ్రిబుల్ మొదలుపెట్టింది. అదే సమయంలో కుడి సైడ్‌లైన్ దగ్గర మరో అమ్మాయి, చుట్టుపక్కల ఎవరూ లేకుండా, చెయ్యెత్తి నిలబడి ఉంది. బంతి మధ్య గీత దాటేసరికి ప్రత్యర్థులు ఐదుగురూ వెనక్కి చేరిపోయారు. శిక్షకుడేమో బయటి నుంచి "నెమ్మది, నెమ్మది" అని కేకలు వేస్తున్నారు.

ఆ మాటతోనే నా పేచీ. బంతి చేతులు మారగానే, ఎదుటివారు సర్దుకునేలోపు దాడి చేయడాన్ని ట్రాన్సిషన్ అఫెన్స్ అంటారు. దీన్ని కాళ్ల బలం వ్యవహారమనుకుంటారు గానీ, దీని ప్రాణమంతా రీబౌండ్ తరువాత సైడ్‌లైన్ వైపు వెళ్లే అవుట్‌లెట్ పాస్‌లో ఉంది. 28 మీటర్ల కోర్టులో ఎంత చురుకైన పిల్లయినా, విసిరిన బంతి వెళ్లినంత వేగంగా డ్రిబుల్ చేస్తూ వెళ్లలేదు. రీబౌండ్ పట్టిన అమ్మాయి నేల మీద కాలు మోపుతూనే చూపు బయటికి తిప్పాలి. ఆట నడిపించే పాయింట్ గార్డు సైడ్‌లైన్‌కు వీపు పెట్టి కోర్టంతా కనబడేలా నిలబడాలి. రెక్కల మీది ఇద్దరూ అంచుల వెంబడే పరుగెత్తాలి. అందరూ మధ్యలోకి ఎగబడితే ముగ్గురిని ఇద్దరు సులువుగా అడ్డుకుంటారు. ఇక ఇద్దరు ఒక్కరి మీదికి వెళ్లినప్పుడు, ఆ ఒక్కరు తన మీదికి కదిలేదాకా బంతి వదలకూడదన్న చిన్న సంగతి నేర్పడానికే నాకు నెలలు పట్టేది.

2000లో అంతర్జాతీయ సమాఖ్య, బంతి దక్కిన జట్టు షాట్ వేయాల్సిన గడువును 30 సెకన్ల నుంచి 24కు, సగం కోర్టు దాటే గడువును 10 నుంచి 8కి తగ్గించింది. ఏడు సెకన్లలోపే షాట్ వేయాలన్న పద్ధతితో అమెరికాలోని ఫీనిక్స్ సన్స్ జట్టు 2004-05లో 62 ఆటలు గెలిచింది. ఆ జట్టును నడిపిన స్టీవ్ నాష్ అంతటివారు మన పిల్లల్లో లేకపోవచ్చు. తలెత్తి చూడడానికి నాష్ కానక్కరలేదు.

మా ఊళ్లో ఇంకో చిక్కుంది. జట్టులో కొందరిది తెలుగు, కొందరిది ఒడియా. ఒకరు "ఇటియ్యి" అని, మరొకరు "దే" అని ఒకేసారి అరిస్తే బంతి ఉన్న పిల్ల ఎటూ విసరదు. నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో "లెఫ్ట్", "రైట్" తప్ప మూడో మాట వినబడకూడదని కట్టడి చేశాను. ఎవరి లెఫ్ట్ అన్న తగువు మాత్రం వారం రోజులు నడిచింది.

వేగంలో బంతి పోగొట్టుకుంటామన్న శిక్షకుల భయం అర్థం లేనిది కాదు. మా ఎండల్లో ఆటంతా పరుగెత్తించమని నేనూ అనను. దారి కనబడకపోతే బంతిని ఆపి, నెమ్మదిగా ఆట అల్లుకోవచ్చు. కానీ దారి ఉందో లేదో చూడకముందే ఆపమనడం ఏమిటి? సాధన మొదట్లో పిల్లలను షాట్ల వరుసలో నిలబెట్టే బదులు, ఒకరు బంతిని బోర్డుకు కొట్టడం, ఒకరు దాన్ని అందుకోవడం, మరొకరు సైడ్‌లైన్ దగ్గర పాస్ పట్టడం ఒక పావుగంట చేయించమని కోరుతున్నాను. సగం కోర్టు, ఒక బంతి ఉంటే చాలు.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా