చిరుత కంటే వీడియోలే ఎక్కువ

సంపాదకుడు గారికి,

మా తిరుపతిలో చిరుతల కంటే వాటి వీడియోలే ఎక్కువ తిరుగుతున్నాయి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. తర్వాత భక్తులకు కర్రలిస్తే నెట్‌లో మీమ్‌ల జాతర! ఆ కన్నవాళ్లు చూస్తే ఏమనుకుంటారోనన్న ఇంగితమైనా లేకపోయింది. భయం నిజమైనది కాబట్టే ఇప్పుడు ఏఐతో అల్లిన చిరుత బొమ్మల్నీ జనం ఇట్టే నమ్ముతున్నారు. చాలాసార్లు ఫార్వర్డ్ అయిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా వాట్సాప్ 2020లోనే కట్టడి పెట్టింది. డౌన్‌లోడ్ చేసి కొత్తగా పెట్టేవాళ్లకు అదేం అడ్డు? అటవీ శాఖే తన కెమెరాలకు చిక్కిన ఫొటోలను తేదీ, చోటుతో సహా ఎప్పటికప్పుడు బయటపెట్టాలి. దొంగ వీడియోలు పుట్టించేవాళ్లపై కేసులూ పెట్టాలి.

– ఒక పాఠకుడు, అలిపిరి రోడ్డు, తిరుపతి