రహస్య ఉత్తర్వులపై గెలిచిన గుమాకా వకీలు

సంపాదకులకు,

జీవోలు వెబ్‌సైట్‌లో పెట్టాలా వద్దా అన్న గొడవ మన దగ్గర ఎప్పుడు లేచినా, ఒక పార్టీ ఇంకో పార్టీని తిట్టడంతోనే ముగుస్తోంది. పార్టీల సంగతి పక్కనపెడితే, ఈ విషయంలో మనం తెలుసుకోదగ్గ మనిషి ఒకాయన ఫిలిప్పీన్స్‌లో ఉండేవారు. పేరు లొరెంజో టన్యాడా. ఆ దేశం పేరు చెప్పగానే మనకు నియంత మార్కోస్, ఆయన భార్య ఇమెల్డా చెప్పుల జతలే గుర్తొస్తాయి.

టన్యాడా 1898లో తయాబాస్ (ఇప్పటి క్వెజోన్) ప్రావిన్స్‌లో గుమాకా అనే సముద్రతీర ఊళ్లో పుట్టారు. మనీలాలో లా చదివి, పై చదువు హార్వర్డ్‌లో చేశారు. జపాన్ ఆక్రమణ ముగిశాక, శత్రువుతో చేతులు కలిపారన్న ఆరోపణలున్న పెద్దమనుషుల మీద ప్రభుత్వం తరఫున కేసులు నడిపింది ఈయనే. ఆ నిందితుల్లో క్లారో రెక్టో ఒకరు. అదే రెక్టో 1957లో అధ్యక్ష పదవికి నిలబడితే, ఉపాధ్యక్ష అభ్యర్థిగా పక్కన నిలబడిందీ ఈయనే! ఇద్దరూ ఓడిపోయారనుకోండి. ఇలాంటి జోడీలు మన రాజకీయాల్లో కొత్తేం కాదు గానీ, వాళ్లను కలిపింది మాత్రం అమెరికా సైనిక స్థావరాలపై వ్యతిరేకత.

1947 నుంచి 24 ఏళ్లు సెనేటర్‌గా ఉన్నారు. 1955 ఎన్నికల తర్వాత 24 మంది సెనేట్‌లో అధికార నాసియొనలిస్టా పార్టీకి చెందని సభ్యుడు ఈయన ఒక్కరే. సెనేటర్ల ఎన్నికపై వచ్చే వివాదాలు తేల్చే సెనేట్ ఎన్నికల ట్రిబ్యునల్‌లో ప్రతిపక్షానికి రాజ్యాంగం మూడు స్థానాలు ఇచ్చింది. ఆయన తన పేరొక్కటే ఇస్తే, మిగిలిన రెండు కుర్చీల్లో అధికార పక్షం తన వాళ్లనే కూర్చోబెట్టింది. మీ కేసు మీరే విచారించుకుంటారా అని ఆయన సుప్రీంకోర్టుకెక్కారు. ఆ ఇద్దరి ఎన్నిక చెల్లదని 1957లో తీర్పొచ్చింది.

అసలు కథ మార్షల్ లా కాలంలో ఉంది. 1972 నుంచి మార్కోస్ ఆర్డినెన్సుల్లాంటి డిక్రీలతో దేశాన్ని నడిపాడు. దాదాపు రెండు వేల డిక్రీలు వచ్చాయి. వాటిలో కొన్ని అధికారిక గెజిట్‌లో అచ్చే కాలేదు. ప్రభుత్వానికి ఎదురు తిరిగినందుకు 1978లో, 80కి దగ్గరపడిన వయసులో, టన్యాడా అరెస్టయ్యారు. అయినా ఊరుకోకుండా ఈ అచ్చుకాని డిక్రీల మీద కేసు వేశారు. చట్టంలోనే అమలు తేదీ రాసి ఉంటే అచ్చు వేయక్కర్లేదన్నది ప్రభుత్వ వాదన. జనానికి తెలియని చట్టాన్ని జనం మీద ప్రయోగించకూడదని 1985 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది. అప్పటికి మార్కోస్ ఇంకా గద్దె మీదే ఉన్నాడు, టన్యాడాకు 86 ఏళ్లు.

1986 డిసెంబరులో ఆ తీర్పును ఇంకా గట్టిగా బిగించారు. చట్టాలు నీడల్లో పొంచి ఉండకూడదు, ఎండలోకి రావాలి అని జస్టిస్ ఇసాగని క్రూజ్ రాశారు. నాకు అంతకన్నా నచ్చింది ఇంకోటుంది. నంబరు, పేరు మాత్రం వేసి వదిలేస్తే అది ప్రచురణ కిందికి రాదని, మొత్తం పాఠం అచ్చు కావాలని చెప్పారు. ‘కాన్ఫిడెన్షియల్’ అని రాసి నంబరుతో సరిపెట్టిన జీవోలను చూసిన మనకు ఇది బాగా అర్థమవుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో జీవోల వెబ్‌సైట్ ఆపేశారు, 2024లో మళ్లీ తెరిచారు. తెలంగాణలోనూ ఈ దాపరికం హైకోర్టు దాకా వెళ్లింది. జీవో, చట్టం ఒకటి కావు, ఒప్పుకుంటాను. కానీ పింఛను ఆగినా, భూమి పోయినా, బదిలీ అయినా మనిషి చేతికి వచ్చే కాగితం జీవోనే కదా. మన సుప్రీంకోర్టు కూడా జనానికి తెలియజేయని జైపూర్ నల్లమందు చట్టం అసలు చట్టమే కాదని 1951లోనే హర్లా కేసులో తేల్చింది. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 అడగకముందే బయటపెట్టమంటోంది. వెబ్‌సైట్ తెరవడం, మూయడం వచ్చే ముఖ్యమంత్రి ఇష్టానికి వదలకుండా, ఇన్ని రోజుల్లో పెట్టాలి, పెట్టని జీవోతో ఎవరి మీదా చర్య తీసుకోకూడదు అని రెండు శాసనసభలూ చట్టం చేయాలి. నిజంగా రహస్యంగా ఉంచాల్సినవి ఏవో ఆ చట్టంలోనే రాస్తే సరి.

పత్రికకు కూడా ఒక మాట. ఫిలిప్పీన్స్ గెజిట్ ఎప్పుడొస్తుందో, ఎవరు చదువుతారో తెలియని పరిస్థితి చూసి, ఎక్కువమంది చదివే దినపత్రికలో వేసినా చట్టం ప్రచురించినట్టేనని 1987 జూన్‌లో, మార్కోస్ తర్వాత అధ్యక్షురాలైన కొరజాన్ అకీనో ఉత్తర్వు ఇచ్చారు. మీరు జిల్లా పేజీల్లో వారానికి ఒకసారి, ఆ జిల్లాకు సంబంధించిన కొత్త జీవోల నంబరు, విషయం, తేదీ వేయగలరా? సినిమా పేజీలో ఒక ఫొటో తగ్గితే చోటు సరిపోతుంది.

— ఒక విశ్రాంత న్యాయవాది, ఏలూరు