సిలోసైబి మలూటి చర్చకు చిన్న వివరణ

సభ్యులకు నమస్కారం. నిన్నటి చర్చలో ఒకరు అడిగిన సిలోసైబి మలూటి, సిలోసైబి ఇంగెలి అనే రెండు భ్రాంతిజనక పుట్టగొడుగు జాతులను దక్షిణాఫ్రికా, లెసోతోల నుంచి సేకరించిన నమూనాల ఆధారంగా 2024లో మైకోలోజియా అనే శిలీంధ్రశాస్త్ర పత్రికలో తొలిసారి వర్ణించారు. మొదటి నమూనాలను గుర్తించి పంపినవారు విశ్వవిద్యాలయ ఆచార్యులు కారు, పచ్చిక బయళ్ళలో తిరిగే ఔత్సాహికులు. మన వంటివారికి ఇది ఉత్సాహం కలిగించే సంగతే. వాటి డీఎన్‌ఏను, సూక్ష్మదర్శినిలో కనిపించే లక్షణాలను పరీక్షించిన తరువాతే అవి కొత్తవని తేలింది.

మలూటి గొడుగు పూర్తిగా విచ్చుకోదు. అందువల్ల మామూలు పుట్టగొడుగు వలె గాలిలోకి బీజాలను (స్పోర్లను) రాల్చజాలదు. లెసోతోలోని బసోతో తెగ సంప్రదాయ వైద్యులు దీనిని ‘క్వాయె-యా-లెఖ్వాబా’ అని పిలుస్తారని, మరొక మొక్కతో కలిపి కషాయంగా చేసి క్రతువులలో వాడతారని నమోదు కావడం నా దృష్టిలో ఈ పరిశోధనలో అన్నిటికంటే విలువైన అంశం.

సిలోసైబి పుట్టగొడుగులను నలిపితే నీలిరంగు వస్తుంది, కానీ ఆ రంగు వచ్చినంత మాత్రాన జాతిని నిర్ధారించలేము. గోధుమరంగు గొడుగు గల గలెరినా మార్జినాటా అనే విషపు పుట్టగొడుగును పొరపాటున ఈ వర్గపు పుట్టగొడుగు అనుకునే ప్రమాదం ఉంది. దానిలోని అమటాక్సిన్లు అనే విషపదార్థాలు కాలేయాన్ని దెబ్బతీస్తాయి. పైగా ఈ పుట్టగొడుగులలోని భ్రాంతిజనక పదార్థమైన సిలోసైబిన్ మన దేశంలో ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నిరోధక) చట్టం కింద నిషిద్ధం. కనుక ఇక్కడ ఛాయాచిత్రాలు, బీజముద్రల (కాగితంపై రాలిన బీజాల అచ్చుల) రంగు, పెరిగిన నేల వివరాలు మాత్రమే పంచుకోవలసిందిగా కోరుతున్నాను. సేకరణ స్థలాలు, మోతాదుల ప్రస్తావన ఉన్న సందేశాలను తొలగిస్తాము.