ర్యామ్ రేట్లు పెరిగాయి: పెద్ద ల్యాప్‌టాప్ కొనేవాళ్లకు ఉన్నది ఉన్నట్టు

అందరికీ నమస్తే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో మా షాపు నుంచి సెకండ్‌హ్యాండ్ వర్క్‌స్టేషన్ (డిజైన్, వీడియో ఎడిటింగ్ లాంటి బరువైన పనులకు వాడే) ల్యాప్‌టాప్ తీసుకున్నవాళ్లు, తీసుకోవాలని అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు ఇది ఒకసారి చదవండి. "అన్నా, మా ఫ్రెండ్‌కి చెప్పిన రేటు నాకెందుకు చెప్పట్లేదు?" అని రోజూ అడుగుతున్నారు. ఫోన్‌లో సగం సగం చెప్పేకన్నా అంతా ఒకేచోట రాస్తున్నాను.

రేటు మారడానికి అసలు కారణం ర్యామ్. 2025 చివరి నుంచి మెమరీ ధరలు ఆగకుండా ఎక్కాయి. ఏఐ డేటా సెంటర్లు కట్టే పెద్ద కంపెనీలు చిప్పులు ముందే బుక్ చేసుకుంటుంటే, తయారుచేసేవాళ్లు కూడా లాభం ఎక్కువున్న సర్వర్ మెమరీ వైపే పోతున్నారు. 2025 డిసెంబర్‌లో మైక్రాన్ అనే మెమరీ కంపెనీ తన క్రూషియల్ బ్రాండ్‌ని రిటైల్ మార్కెట్ నుంచి తప్పిస్తున్నామని ప్రకటించింది. మీలో చాలామంది మెషీన్లలో మేం వేసినవి ఆ బ్రాండ్ ర్యామ్ స్టిక్కులే. డీడీఆర్4 అనే ర్యామ్ రకం పాతది కాబట్టి చౌకగానే దొరుకుతుందని అనుకుంటారు. దాని తయారీ తగ్గిస్తూ వస్తున్నారు, అందుకని అదీ పెరిగింది.

కాబట్టి ఇకనుంచి మా కొటేషన్‌లో ర్యామ్ రేటు ఆ ఒక్కరోజుకే. ల్యాప్‌టాప్ రేటు మాత్రం వారం దాకా మార్చం. ర్యామ్ మీద మా మార్జిన్ పెంచలేదు. నమ్మకం కుదరకపోతే మేం కొన్న బిల్లు చూపించమని అడగండి, కౌంటర్ మీద పెడతాం. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు ఒప్పుకున్న రేటుకే ఇస్తాం, అందులో మార్పు లేదు.

మరి ఇప్పుడు కొనాలా, ఆగాలా? పని ఆగిపోతోందంటే కొనండి. కానీ డబ్బు ఎక్కడ పెట్టాలో చూసుకోండి. ప్రాసెసర్ బోర్డుకి అతికించి ఉంటుంది, తర్వాత మార్చలేం. గ్రాఫిక్స్ కార్డు మార్చడం కాగితం మీద కుదురుతుంది కానీ, డెల్ వాళ్లు ప్రెసిషన్ 7730 మోడల్ నుంచి తమ సొంత ఆకారంలో కార్డులు పెట్టారు. విడిగా కార్డు దొరికినా, దాని వేడి లాగే హీట్‌సింక్‌తో కలిపి లెక్కేస్తే పెద్ద కార్డున్న మెషీనే కొనుక్కోవచ్చనిపిస్తుంది. అందుకని ఈ రెండూ మొదటే సరైనవి తీసుకుని, ర్యామ్ ఇప్పటికి 32 జీబీతో సరిపెట్టుకోండి. రేట్లు దిగినప్పుడు పెంచుకోవచ్చు.

ఆ వెసులుబాటు ఉండడమే ఈ 17 అంగుళాల మెషీన్ల గొప్పతనం. 2019లో వచ్చిన డెల్ ప్రెసిషన్ 7740, లెనోవో థింక్‌ప్యాడ్ పీ73, హెచ్‌పీ జెడ్‌బుక్ 17 జీ6 మూడింటిలోనూ నాలుగు ర్యామ్ స్లాట్లు ఉన్నాయి, 128 జీబీ దాకా వెళ్తాయి. 7740లో రెండు స్లాట్లు కింది మూత తీస్తే కనబడతాయి. మిగతా రెండూ కీబోర్డు కింద ఉంటాయి. కీబోర్డు చుట్టూ ఉన్న సన్నని ఫ్రేమ్‌ని ప్లాస్టిక్ పుల్లతో లేపి, స్క్రూలు విప్పి, కీబోర్డుని కొంచెం పైకెత్తి, దాని కింద రిబ్బన్ కేబుల్ లాక్‌ని గోటితో తిప్పాలి. ఆ చిన్న లాక్ విరిగితే కీబోర్డు కేబుల్‌కి పట్టు ఉండదు. ఇంట్లో యూట్యూబ్ చూసి చేద్దామనుకునేవాళ్లు కింది స్లాట్ల వరకు నిశ్చింతగా చేసుకోవచ్చు. కీబోర్డు కింద పని మాత్రం షాపుకి తెచ్చేయండి, మా దగ్గర ర్యామ్ కొన్నవాళ్లకు దానికి చార్జీ లేదు. 32 జీబీ అడిగితే రెండు 16లు వేస్తున్నాం, నాలుగు 8లు వెయ్యడం లేదు. చేతిలో 8లు మిగిలి ఉన్నా సరే. నాలుగు స్లాట్లూ నిండితే తర్వాత పెంచుకునేటప్పుడు పాతవి తీసి పారెయ్యాల్సి వస్తుంది.

కొత్త మోడళ్లన్నీ ఇలాగే ఉంటాయని అనుకోకండి. 2022లో ప్రెసిషన్ 7770తో డెల్ క్యామ్ అనే పలక లాంటి మెమరీ తెచ్చింది. అది ఉన్న మెషీన్ అయితే పక్కన ఇంకో స్టిక్ వేసుకోవడం కుదరదు, పలక మొత్తం మార్చాలి. అలాంటిది తీసుకుంటే ఎంత మెమరీ కావాలో కొన్నరోజే తేల్చుకోవాలి.

ఇంకో నిర్ణయం కూడా చెప్పాలి. ప్రెసిషన్ 7710, 7720 మా దగ్గర ఇంకా కొన్ని ఉన్నాయి. చూడ్డానికి బాగుంటాయి, రేటు తక్కువ, పిల్లలకు ఇద్దామని చాలామంది అడుగుతున్నారు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఈ రెండింటిలో ఉన్న ఆరో, ఏడో తరం ప్రాసెసర్లు దాదాపు ఏవీ విండోస్ 11 జాబితాలో లేవు. ఏదో రకంగా ఎక్కించవచ్చు, ఎక్కించి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఆఫీసు పని, బ్యాంకు పని చేసుకునే మనిషికి అలా ఎక్కించి ఇవ్వడం నాకు ఇష్టం లేదు. లినక్స్ వాడేవాళ్లకు మాత్రమే ఇస్తున్నాం. విండోస్ కావాలంటే 7730 నుంచి పైకి చూడండి.

ఎవరికి ఏ గ్రాఫిక్స్ కార్డు? ఆటోక్యాడ్, రెవిట్, ఈట్యాబ్స్ చేసే ఇంజనీర్లు పెద్ద కార్డు కోసం డబ్బు పొయ్యొద్దు. ఆ సాఫ్ట్‌వేర్లకు ప్రాసెసర్ ఒక్క కోర్ స్పీడు, ర్యామ్ ముఖ్యం. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్ల సంగతి వేరు. డావిన్చీ రిజాల్వ్‌లో 4కే టైమ్‌లైన్ మీద నాయిస్ రిడక్షన్ పెట్టగానే జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) మెమరీ ఫుల్ అని వస్తుందంటారు చూడండి, దానికి ర్యామ్ పెంచితే లాభం లేదు. ఆ మెమరీ గ్రాఫిక్స్ కార్డు మీదే ఉండాలి. 7740లో ఆర్‌టీఎక్స్ 3000 కార్డుకి 6 జీబీ, 4000కి 8, 5000కి 16. ముహూర్తాల సీజన్‌లో రాత్రింబవళ్లు మెషీన్ మీద కూర్చునేవాళ్లు కనీసం 8 తీసుకోండి. డ్రోన్ ఫొటోలతో మ్యాపింగ్ చేసేవాళ్లకు 16 దొరికితే వదలొద్దని చెబుతాను. ర్యామ్ కూడా ముందే ఎక్కువ పెట్టుకోవాల్సింది వాళ్లొక్కరే.

మా దగ్గరే కాదు, ఎక్కడ కొన్నా బయోస్ (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్) తెరిచి రెండు చూడండి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఉందా, అబ్సల్యూట్ అనే ట్రాకింగ్ యాక్టివేట్ అయ్యి ఉందా. పాత కంపెనీ వాటిని తీసేయకుండా లాట్‌లో అమ్మేస్తే ఆ ల్యాప్‌టాప్ ఏదో ఒకరోజు లాక్ అయ్యే ప్రమాదం ఉంది. మొన్నొక లాట్‌లో అలాంటివి కొన్ని వస్తే సప్లయర్‌కి తిప్పి పంపాం. మీలో కొందరికి డెలివరీ ఆలస్యమవుతున్నది అందుకే. ఓపిక పట్టినందుకు మనస్ఫూర్తిగా థ్యాంక్స్.

అమెరికా నుంచి అన్నయ్యో అల్లుడో తెస్తున్నారంటే వాళ్లకూ ఈ రెండూ చెప్పండి. 7740లో పెద్ద బ్యాటరీ అయినా 97 వాట్ అవర్లే, విమానంలో 100 లోపు అనుమతి ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. చేతి సంచీలో పెట్టుకుంటే చాలు.

చివరిగా అడాప్టర్. 7740కి 240 వాట్లది కావాలి. డెల్ పిన్ మధ్యలో సూదిలాంటి తీగ ఒకటి ఉంటుంది. అడాప్టర్ కంపెనీదా కాదా, ఎన్ని వాట్లది అన్నది మెషీన్ దాని ద్వారానే తెలుసుకుంటుంది. ఆ తీగ వంగినా, డూప్లికేట్ పెట్టినా బ్యాటరీ ఎక్కదు, ప్రాసెసర్ స్పీడు పడిపోతుంది. "మెషీన్ స్లో అయింది, ర్యామ్ పెంచు" అని వచ్చినవాళ్లలో కొందరికి అడాప్టర్ మారిస్తే సరిపోయింది. ఈ రేట్లలో అనవసరంగా ర్యామ్ కొనిపించడం మాకు ఇష్టం లేదు. అప్‌గ్రేడ్‌కి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్‌తోపాటు మీరు రోజూ వాడే అడాప్టర్ కూడా తీసుకురండి. ముందు అది చూసి, ఫ్యాన్ల దగ్గర దుమ్ము తీసి, ఆ తర్వాతే ర్యామ్ సంగతి మాట్లాడదాం.