బాబాయి కంప్యూటర్‌కి ఇంకా ఆయుష్షు ఉంది

విశాఖపట్నం,
ఫిబ్రవరి 2026

ఒరేయ్,

ఏటిరా సంగతులు? "నాన్నకి కొత్త కంప్యూటర్ కొనాలట, ఎంత పంపమంటావ్?" అని అడిగావు కదా. ఏమీ పంపకు. దసరా దాకా ఆ మాటే ఎత్తకు. ఎందుకో చెప్పాలంటే ఉత్తరం పెద్దదవుతుంది, తీరిగ్గా చదువుకో. ఫోన్లో చెబుదామంటే నువ్వు ఊఁ కొడుతూనే పక్కన ఇంకో మీటింగులో ఉంటావు.

మొన్న ఆదివారం పెదవాల్తేరులో మీ నాన్న, అదే మన బాబాయి ఇంటికి వెళ్ళాను. బాబాయి గోల ఏంటంటే బ్యాంకు సైటు రావట్లేదు, మెయిల్ రావట్లేదు, ఏది తెరిచినా "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని ఎర్ర గుర్తు. రిపేరు కుర్రాడెవరో వచ్చి చూసి, "విండోస్ 10 అయిపోయిందండీ, కొత్తది తీసుకోవాల్సిందే" అని తేల్చేసి పోయాడట. నేను కుర్చీలో కూర్చుని ముందు స్క్రీన్ కింద కుడిమూల చూశాను. తేదీ 2016 జనవరి 1. అదీ రోగం. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటుంటుంది, సీఆర్ 2032 అంటారు. అది చచ్చిపోతే కరెంటు పోయినప్పుడల్లా గడియారం మొదటికొస్తుంది. ప్రతి సైటు భద్రతా సర్టిఫికెట్‌కీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. కంప్యూటర్ తను 2016లో ఉన్నాననుకుంటే ఈ ఏటి సర్టిఫికెట్ దాని లెక్కలో ఇంకా పుట్టనే లేదు. ఇంకెలా నమ్ముతుంది? ద్వారకానగర్లో బ్యాటరీ తెచ్చి వేశాను. యాభై రూపాయలు కూడా కాలేదు.

కేసు ఎలాగూ విప్పాను కదా అని లోపలంతా చూశాను. సముద్రపు గాలి సంగతి నీకు చెప్పేదేముంది, వెనక స్క్రూలు తుప్పు పట్టి తిరగనంటే తిరగవు. ఫ్యాను రెక్కల మీద నల్లటి జిడ్డు, మూల రెండు బల్లి గుడ్లు. పిన్ని చూసి "అయ్యో, వాటినేం చెయ్యకు" అంది. ర్యామ్ కర్ర (కంప్యూటర్ పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ) ఊడదీసి బంగారు రంగు పళ్ళని పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాను. ఇప్పుడు మంచి రోజుల్లోలాగే నడుస్తోంది.

ఆ కుర్రాడు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, సగం నిజం. 2015 జులైలో వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మద్దతు ఆపేసింది. ఆపడం అంటే కంప్యూటర్ ఆగిపోదు. నెలనెలా రెండో మంగళవారం (మనకి బుధవారం పొద్దున్నే కనిపిస్తాయిలే) వచ్చే భద్రతా అప్‌డేట్లు ఇక మామూలుగా రావు, అంతే. అంతేనా అని తీసిపారేయకు కూడా. 2017 మేలో ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు గుర్తుందా? మన రాష్ట్రంలో పోలీసు స్టేషన్లలో కంప్యూటర్లు కూడా లాక్ అయిపోయాయి. దానికి మందు, అంటే అప్‌డేట్, అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకోని వాళ్ళే దెబ్బతిన్నారు.

అయితే ఇళ్ళలో వాడుకునే వాళ్ళకి ఒక ఏడాది పొడిగింపు ఇచ్చారు. 2026 అక్టోబర్ 13 దాకా. డబ్బు కట్టి తీసుకుంటే ముప్ఫై డాలర్లు, మైక్రోసాఫ్ట్ వాళ్ళ రివార్డ్స్ పాయింట్లుంటే వెయ్యి పాయింట్లు. కంప్యూటర్ సెట్టింగులు మైక్రోసాఫ్ట్ ఖాతాకి బ్యాకప్ అయ్యేలా పెట్టుకుంటే ఉచితం. ఐరోపాలో వినియోగదారుల సంఘాలు గొడవ చేస్తే అక్కడివాళ్ళకి ఆ బ్యాకప్ షరతు కూడా తీసేశారు. మనం గొడవ చెయ్యలేదు, మనకి షరతు ఉండిపోయింది. బాబాయికి ఉచిత దారిలోనే పెట్టాను. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో చేరమని లింకు కనిపిస్తుంది, నాలుగు నొక్కులు. అసలు కష్టం ఖాతా దగ్గరే వచ్చింది. ఆయన ఇన్నాళ్ళూ ఖాతా లేకుండానే వాడుతున్నారు. ఆయన పేరునే కొత్తగా తెరిచి, పాస్‌వర్డ్ డైరీ వెనక అట్ట మీద ఆయన చేతే రాయించాను. కాగితం మీద రాయకూడదంటావేమో, డెబ్బై దాటిన మనిషికి కాగితమే నయం. దొంగ విదేశంలో ఉంటాడు గానీ పెదవాల్తేరు వచ్చి డైరీ తియ్యడు కదా.

విండోస్ 11 ఎందుకు వెయ్యలేదంటావా? ఆ ప్రాసెసర్ ఇంటెల్ ఆరో తరం. విండోస్ 11కి ఎనిమిదో తరమైనా ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. దొడ్డిదారిన ఎక్కించే పద్ధతులున్నాయి, కానీ అలా ఎక్కిస్తే అప్‌డేట్లు ఇస్తామని మాట ఇవ్వలేమని మైక్రోసాఫ్టే చెప్పింది. అప్‌డేట్ల కోసం పడే తాపత్రయంలో అప్‌డేట్లకే హామీ లేని పని ఎందుకు?

ఇక కొత్తది ఎందుకు వద్దన్నానో విను. ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. ఏఐ డేటా సెంటర్లకి మెమరీ చిప్పులు చాలట్లేదు, కంపెనీలన్నీ అటే అమ్ముతున్నాయి. మనం ఇళ్ళలో వేసుకునే క్రూషియల్ ర్యామ్‌లు చేసే మైక్రాన్ ఆ వ్యాపారమే మూసేస్తున్నామని మొన్న డిసెంబర్లో ప్రకటించింది. ఇందులో తమాషా చూడు. విండోస్ 10కి మద్దతు ఆగిన అక్టోబర్ 14నే గూగుల్ మన విశాఖలో ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ పెడతామని ప్రకటించింది. ఊళ్ళో ఆ రోజంతా అదే కబురు, టీ కొట్టు దగ్గర కూడా. మన ఊరికి డేటా సెంటర్ వస్తోందని నాకూ గర్వమే అనుకో. కానీ బాబాయికి ఎనిమిది జీబీ ర్యామ్ ఇంకోటి కొందామని ధర అడిగి, నోరు మూసుకుని వెనక్కొచ్చాను.

అసలు చిక్కు వేరే ఉంది, అది నీకు తెలీదనుకుంటా. బాబాయి రిటైరైనప్పటి నుంచీ మీ తాతగారి ఊరి కబుర్లన్నీ రాసుకుంటున్నారు, అన్నీ పేజ్‌మేకర్ అనే పాత పేజీలు కూర్చే ప్రోగ్రాములో, అను ఫాంట్లతో. డీటీపీ సెంటర్లో నేర్చుకున్న టైపింగ్ మరి. ఆ ఫైలొకటి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి నా ల్యాప్‌టాప్‌లో తెరిస్తే తెలుగు అక్షరం ఒక్కటి లేదు, ఏవో ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ గీతలూ. అను యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కాదు, ఫాంటు లేకపోతే అందులో తెలుగే లేదు. అందుకే అక్టోబర్ తర్వాత విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వేద్దామంటే నాకు ఇదొక్కటే అడ్డు. మిగతా అన్నిటికీ మింట్ హాయిగా సరిపోతుంది. ఉచితం, ఇప్పటి 22 వరుసకి 2029 దాకా అప్‌డేట్లున్నాయి, బాబాయి చూసేది బ్యాంకూ మెయిలూ యూట్యూబూ కదా. కానీ అను, పేజ్‌మేకర్ అందులో నేరుగా నడవవు. కాబట్టి ముందు ప్రతి ఫైలునీ పీడీఎఫ్ చెయ్యమన్నాను, అందులో ఫాంటు కలిసిపోతుంది, ఎక్కడైనా చదువుకోవచ్చు. తర్వాత మెల్లగా కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాలి. వత్తులు అటూ ఇటూ అవుతాయి, ప్రూఫ్ చూసుకోవాలి. ఒక అధ్యాయం మార్చి ఇచ్చాను, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నారు. మీ తాత జట్కా బండి పందెం వేసిన కథ అది, నువ్వు చదవాలిరా.

బ్యాంకు సైటు తెరుచుకోగానే ఇంకో అనుమానం. "చివర్న డాట్ కామ్ ఉండేది, ఇప్పుడేదో డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అంటోంది, దొంగదేమో" అన్నారు. అనుమానించడం మంచిదే. రిజర్వు బ్యాంకు 2025 అక్టోబర్ 31 లోగా బ్యాంకులన్నీ ఆ చిరునామాకి మారాలని ఆదేశించింది. డాట్ కామ్ ఎవడైనా కొనుక్కోవచ్చు. దీన్ని మాత్రం హైదరాబాదులో ఉన్న, రిజర్వు బ్యాంకు పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ బ్యాంకులకి తప్ప ఇవ్వదు. ఇకమీదట బ్యాంకు పేరుతో వేరే తోక కనిపిస్తే అప్పుడు భయపడమన్నాను.

ఒకసారి స్క్రీన్ నిండా ఎర్రగా సైరన్ మోగి, "వైరస్ వచ్చింది, ఈ నంబరుకి చెయ్యండి" అని వచ్చిందట కూడా. పిన్ని ప్లగ్గు పీకేసిందట, శభాష్. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఉండదని చెప్పాను. డబ్బు పోతే వెంటనే చెయ్యాల్సిన సైబర్ నేరాల హెల్ప్‌లైన్ నంబరు 1930, అది పెద్దక్షరాలతో రాసి మానిటర్ అంచుకి అంటించాను.

నువ్వు కూడా ఒక పని చెయ్యి. కొత్తగా కొన్న ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 కదా. మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెడితే డిస్కుకి తాళం దానంతట అదే పడి ఉండొచ్చు. రికవరీ కీ 48 అంకెలు, నీ ఖాతాలోనే ఉంటుంది. రేపొద్దున్న ఏదో అప్‌డేట్ తర్వాత నీలం తెరలో అది అడిగిందనుకో, ఖాతాలోకి కూడా వెళ్ళలేకపోతే పిల్లల ఫోటోలు ఇక రావు. ఇవాళే చూసుకుని ప్రింటు తీసి పెట్టు. సోమరిపోతువి, నీ సంగతి నాకు తెలుసు, మీ ఆవిడకి కూడా విడిగా చెప్తాను.

వేసవికి వస్తున్నావు కదా, నీ దగ్గర మూలపడున్న ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు పట్టుకురా. బాబాయి ఫైళ్ళకి ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో మాత్రమే ఉంది, అది చాలదు. టికెట్ ఏ రోజుకి అయిందో చెప్పు, స్టేషన్‌కి వస్తాను.

నీ
వైజాగ్ గాడు