వైర్‌లెస్ డాంగిళ్ల విషయంలో మా ఖాతాదారులకు ఒక విన్నపం

పాలకొల్లులోని మా దుకాణానికి ఏళ్ల తరబడి వస్తున్నవారికీ, నరసాపురం, ఆచంట, యలమంచిలి వైపుల నుంచీ, చించినాడ వంతెన దాటి రాజోలు వైపు నుంచీ మమ్మల్ని నమ్ముకుని వచ్చేవారికీ నమస్కారం.

ఈ సంక్రాంతికి ముందు మూడు వారాలలో, కంప్యూటర్‌లోని బొమ్మను తీగ లేకుండా టీవీకి పంపే డాంగిళ్లను మేము 40 అమ్మాము. పండుగ వెళ్లిన పది రోజులకే వాటిలో 14 తిరిగి మా బల్ల మీదికి వచ్చాయి. పరిశీలించి చూస్తే నిజంగా చెడిపోయినవి రెండే; తక్కిన 12 దుకాణంలోని టీవీకి పెట్టగానే చక్కగా పనిచేశాయి. అంటే లోపం మేము చెప్పి అమ్మిన మాటలో ఉంది. "వెనకాల గుచ్చేయండి, ఇంక అన్నీ ఆడతాయి" అని మా కుర్రవాళ్లూ, నేనూ వచ్చిన ప్రతివారికీ ఒకే మాట చెప్పాము. మీ ఇంట్లో టీవీ ఎక్కడుంది, రౌటర్ ఎక్కడుంది, మీరు చూడదలచుకున్నది ఏమిటి అని ఒక్కరినీ అడగలేదు. పండుగ గిరాకీలో అంత తీరిక లేదనడం నిజమే అయినా, అది సాకే అవుతుంది.

డబ్బు సంగతి ముందే చెప్పివేస్తాను. ఆ డాంగిల్ మీకు ఉపయోగపడకపోతే ఉగాది వరకు ఎప్పుడైనా తెచ్చి ఇవ్వవచ్చు, పూర్తి సొమ్ము తిరిగి ఇస్తాము. పెట్టె చిరిగినా, బిల్లు కనబడకపోయినా ఫరవాలేదు. అమ్మినవి మాకు గుర్తున్నాయి. అయితే తెచ్చే ముందు ఇది ఒక్కసారి చదవమని కోరుతున్నాను, ఎందుకంటే కొందరి ఇబ్బంది ఇంట్లోనే రూపాయి ఖర్చు లేకుండా తీరిపోవచ్చు, మరికొందరికి అసలు ఆ వస్తువుతోనే పని లేకపోవచ్చు.

కంప్యూటర్ నుంచి టీవీకి బొమ్మ వెళ్లే దారులు ముఖ్యంగా రెండు. మొదటిది మిర్రరింగ్: కంప్యూటర్ తెర మీద ఏది కనబడితే దానిని అప్పటికప్పుడు వీడియోగా కుదించి గాలిలోకి పంపుతుంది, టీవీ దానిని విప్పి చూపిస్తుంది. 2012లో వచ్చిన మిరాకాస్ట్ ఈ పద్ధతే; విండోస్ 8.1 నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో అది ముందే ఉంటుంది, విండోస్ గుర్తున్న మీటనూ కె అక్షరాన్నీ కలిపి నొక్కితే దగ్గరలో ఉన్న టీవీల పేర్లు వరుసగా కనబడతాయి. దీనికి రౌటర్ కూడా అక్కరలేదు, ల్యాప్‌టాప్, టీవీ నేరుగా మాట్లాడుకుంటాయి. రెండవ దారిలో కంప్యూటర్ గోదాము వంటిది మాత్రమే. ఫైలును ఉన్నదున్నట్టు ఇంటి వై-ఫై మీద అందిస్తుంది, దానిని విప్పి ఆడించే పని టీవీయే చేసుకుంటుంది. డీఎల్ఎన్ఏ అనే పేరును మీరు టీవీ మెనూలో చూసి ఉంటారు. 2003లో మొదలైన ఆ సంస్థ 2017లో మూతపడినప్పటికీ దాని పద్ధతి ఇంకా టీవీలలో నడుస్తూనే ఉంది. ఉపన్యాసానికి వేసిన స్లైడ్లు, పిల్లల ఆన్‌లైన్ క్లాసు, చెరువు గట్టు మీది కెమెరా బొమ్మలు చూపించడానికి మొదటి దారి మంచిది. రెండున్నర గంటల సినిమా చూడడానికి రెండవదే మేలు. మేము అందరికీ మొదటి దారినే అంటగట్టాము.

ఈ తేడా నాకు సరిగ్గా తలకెక్కింది ఆచంట దగ్గర ఒక ఊరిలో, ఒక పెద్దాయన ఇంట్లో. అమ్మాయి పెళ్లి వీడియోను అల్లుడుగారు పండుగకు వచ్చినప్పుడు పెద్ద టీవీలో చూడాలని ఆయన మా దగ్గర డాంగిల్ తీసుకువెళ్లారు. భోగి నాటి సాయంత్రమే ఫోను వచ్చింది: "మీ వస్తువు తలంబ్రాల దగ్గరే ఆగిపోతోందండీ, ఆయ్. గౌరీపూజ బాగానే ఆడింది, కన్యాదానం ఆడింది, తలంబ్రాలు మొదలవగానే బొమ్మంతా గళ్లుగళ్లుగా అయిపోతోంది." మూడుసార్లు వెనక్కి తిప్పి పెట్టినా మూడుసార్లూ అక్కడే ఆగిందట. ఫోనులో విని నేను నవ్వాను, అలా నవ్వినందుకు తరువాత సిగ్గుపడ్డాను, ఎందుకంటే ఆయన చెప్పినది అక్షరాలా నిజం.

వీడియోను కుదించే పద్ధతి చాలావరకు ఒక సౌలభ్యం మీద ఆధారపడి ఉంటుంది: ఈ క్షణపు బొమ్మ అంతకు ముందటి క్షణపు బొమ్మను చాలా మటుకు పోలి ఉంటుంది కాబట్టి మారిన భాగాన్ని మాత్రమే పంపితే చాలు. పురోహితులవారు కూర్చుని మంత్రం చదువుతున్నప్పుడు పెదవులూ, చేతులూ తప్ప ఏదీ కదలదు. తలంబ్రాలు పోసేటప్పుడు వేల గింజలు, పూలరేకులు, మెరుపు కాగితాలు, ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కున రాలుతాయి. కదిలే ప్రతి గింజ గురించీ కొత్తగా చెప్పవలసిందే. ఆయన అల్లుడుగారి పాత ల్యాప్‌టాప్ 4కె వీడియోను ఒక చేత్తో విప్పుతూ, రెండవ చేత్తో మళ్లీ కుదిస్తూ, మధ్య గదిలో ఫ్యాను హోరెత్తించుకుంటూ ఉంది. మండువా ఇల్లు కాబట్టి ల్యాప్‌టాప్‌కూ టీవీకీ నడుమ మూరెడు మందం సున్నపు గోడ, ఆ గోడను ఆనుకుని ఇనుప బీరువా. రేడియో తరంగాలకు ఇటుక గోడ కొంత అడ్డమైతే, ఇనుప బీరువా చాలా పెద్ద అడ్డం.

ల్యాప్‌టాప్‌ను బీరువా చాటు నుంచి టీవీ ఉన్న గదిలోకి తెచ్చాము, కొంత మెరుగుపడింది. ఆ ల్యాప్‌టాప్ ఒకే రేడియోతో ఒకవైపు రౌటర్‌తోనూ, మరొకవైపు డాంగిల్‌తోనూ వేరువేరు చానళ్ల మీద మాట్లాడుతోందని గమనించి, రౌటర్ సంబంధం తెంచాము, ఇంకా మెరుగుపడింది. అయినా తలంబ్రాల దగ్గర ఒకసారి తడబడింది. చివరికి ఆ ఫైలు ఉన్న పెన్‌డ్రైవ్‌ను తిన్నగా టీవీ వెనక గుచ్చితే మొదటి నుంచి చివరి వరకు ఒక్క చోట కూడా ఆగకుండా ఆడింది. ఇంటావిడగారు కాఫీ ఇచ్చి, "దీనికోసం ఇంత దూరం వచ్చావా బాబూ" అన్నారు. డాంగిల్ వెనక్కి తీసుకుని సొమ్ము ఇచ్చి వచ్చేశాను.

పెళ్లి వీడియో ఉన్న ప్రతివారికీ ఇదే నా సలహా. లెక్క వేసి చూడండి. రెండు గంటల సినిమా 4 జీబీ ఉంటే సెకనుకు సగటున నాలుగున్నర మెగాబిట్ల లోపే వెళ్లాలి, ఏ మామూలు వై-ఫై అయినా అది మోస్తుంది. ఫోటోగ్రాఫర్లు ఇచ్చే 4కె వీడియో 40 నిమిషాలకు 20 జీబీ ఉన్నదనుకుంటే సెకనుకు 66 మెగాబిట్లు దాటుతుంది, అది సగటు మాత్రమే. రెండు గోడల అవతల 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై అంత బరువును నిలకడగా లాగలేదు. 5 గిగాహెర్ట్జ్ లాగగలదు గాని దానికి గోడలంటే మరీ బలహీనత, ఒకే గదిలో ఉంటేనే దాని సత్తా. పెన్‌డ్రైవ్ విషయంలో ఒక్క జాగ్రత్త ఉంది: ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన దానిలో 4 జీబీకి మించిన ఒక్క ఫైలు పట్టదు, వేరే పద్ధతిలో చేస్తే కొన్ని టీవీలు చదవవు. మీ టీవీ ఏది చదువుతుందో చూసి చేసిపెడతాము, దానికి డబ్బు తీసుకోము.

ఇక్కడ నేను ఒప్పుకోవలసిన ఇంకొక తప్పు ఉంది. బొమ్మ ఆగిపోతోందని చెప్పినవారిలో ముగ్గురు నలుగురికి ఇంటర్నెట్ ప్లాను పెంచుకోమని నోటికి వచ్చినట్టు చెప్పాను. మీ కంప్యూటర్‌లో ఉన్న ఫైలు మీ టీవీకి వెళ్లడానికి ఇంటర్నెట్‌తో పని లేదు. అది మీ ఇంటి గోడల లోపలే తిరుగుతుంది. గాలివానకు స్తంభం మీది ఫైబర్ తెగి రెండు రోజులు నెట్ రాకపోయినా, రెండవ దారిలో కూడా రౌటర్‌కు కరెంటు ఉన్నంతవరకు ఆ సినిమా ఆడుతుంది. అన్నట్టు, చాలా ఇళ్లలో టీవీ, ఫ్యాన్లు ఇన్వర్టర్ మీద ఉంటాయి గాని రౌటర్ గుచ్చిన ప్లగ్ మాత్రం ఉండదు. కరెంటు పోగానే "సినిమా ఆగిపోయింది" అని మాకు ఫోను వస్తుంది. నా మాట విని ప్లాను పెంచుకున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి దుకాణానికి రండి, ఆ తేడా సొమ్ము ఒక నెలది నేను భరిస్తాను.

డాంగిల్ మధ్యలో ఆరిపోయి మళ్లీ దానంతట అదే వెలుగుతోందని చెప్పినవారు ఆరుగురు. ఇది పూర్తిగా మా నిర్వాకం. దాని తీగను టీవీకి ఉన్న యూఎస్‌బీ రంధ్రంలోనే పెట్టుకోమని చెప్పాము, వేరే ప్లగ్ అక్కరలేదని గొప్పగా కూడా చెప్పాము. మామూలు యూఎస్‌బీ రంధ్రం అర ఆంపియరు కరెంటు ఇస్తుంది, ఈ డాంగిల్ ఒక ఆంపియరు అడుగుతుంది. మీ పాత ఫోను ఛార్జరుకు తగిలించండి, సరిపోతుంది. టీవీ గోడను ఆనుకుని ఉంటే డాంగిల్ టీవీ వెనక ఇనుప పలకకూ గోడకూ మధ్య ఇరుక్కుని సరిగా వినలేదు. జానెడు పొడవున్న హెచ్‌డీఎంఐ తీగతో దానిని పక్కకు తీయాలి. డాంగిల్ కొన్నవారందరికీ ఆ తీగను ఉచితంగా ఇస్తున్నాము. నిజంగా చెడిపోయిన ఆ రెండూ నరసాపురం అవతల సముద్రం వైపు ఊళ్లవి. పిన్నుల మీద ఉప్పుగాలికి పచ్చటి చిలుము పట్టి ఉంది. వాటికి బదులు కొత్తవి ఇచ్చాము.

రెండవ దారిలో, అంటే ఇంటి వై-ఫై మీద, పంపబోతే టీవీ పేరే కంప్యూటర్‌లో కనబడడం లేదన్నవారి ఇళ్లలో మూడు చోట్ల ఒకే కారణం దొరికింది. కేబుల్ ఆయన పెట్టిన డబ్బా కింద గదిలో ఉంటుంది, మేడ మీదికి అందడం లేదని ఇంకొక రౌటర్ కొని పైన పెట్టుకుంటారు. టీవీ కింది వై-ఫైలో, ల్యాప్‌టాప్ పైదానిలో ఉంటుంది. రెండిటిలోనూ నెట్ వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, కాని ఆ రెండూ ఒకదానికొకటి పొరుగూరి లెక్క. రెండిటినీ ఒకే రౌటర్ వై-ఫైలోకి తెచ్చి, విండోస్‌లో నెట్‌వర్క్‌ను పబ్లిక్ నుంచి ప్రైవేట్‌కు మార్చగానే టీవీ పేరు కనబడింది. పై రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వేరే నెట్‌వర్క్ పెట్టకుండా కిందిదానినే పైన పంచేలా, పెట్టుకుంటే ఈ బాధ శాశ్వతంగా పోతుంది.

ఓటీటీ సినిమాలను ల్యాప్‌టాప్ నుంచి పంపితే శబ్దం వచ్చి తెర నల్లగా ఉండిపోతోందన్న ఫిర్యాదుకు మా దగ్గర మందు లేదు. దొంగ కాపీలు తీయకుండా ఆ సంస్థలు పెట్టుకున్న తాళం అది. ఆ యాప్‌ను టీవీలోనే పెట్టుకోండి. అలాగే అమెరికా నుంచి, హైదరాబాదు నుంచి వచ్చిన పిల్లలు తెచ్చే ఆపిల్ ల్యాప్‌టాప్‌లలో మిరాకాస్ట్ ఉండదు, వాటి దారి ఎయిర్‌ప్లే అనే ఆపిల్ సొంత పద్ధతి. మేము అమ్మిన డాంగిల్ వాటికి ఎన్నటికీ పనిచేయదు. 2019 నుంచి కొన్ని కంపెనీల టీవీలలో ఎయిర్‌ప్లే ముందే ఉంటోంది కనుక కొనే ముందు మీ టీవీ మెనూ చూసుకోండి. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే ఆ ఫైలులోని శబ్దం డీటీఎస్ పద్ధతిలో ఉండి మీ టీవీకి అది తెలియకపోయి ఉండవచ్చు. తెలుగు సబ్‌టైటిళ్ల స్థానంలో డబ్బాలు కనబడితే ఆ సబ్‌టైటిల్ ఫైలును యూటీఎఫ్-8 అనే, అన్ని భాషల అక్షరాలనూ పట్టే పద్ధతిలో భద్రపరచి చూడాలి. టీవీలోనే తెలుగు అక్షరాలు లేకపోతే మాత్రం అదీ పనిచేయదు, అప్పుడు మిర్రరింగే గతి.

ఇక మీదట ల్యాప్‌టాప్, టీవీ ఒకే గదిలో ఉండి, సినిమాలు చూడడమే పని అయినవారికి మేము ముందుగా హెచ్‌డీఎంఐ తీగ చూపిస్తాము. అది మాకు లాభం తక్కువ, మీకు తలనొప్పి తక్కువ. డాంగిలే కావాలన్నవారికి రెండు రోజులు ఇంట్లో వాడి చూసుకోవడానికి ఇచ్చి, నచ్చిన తరువాతే బిల్లు వేస్తాము. ఇంటికి వచ్చి చూడడానికి పాలకొల్లులో 200 రూపాయలు, ఆచంట, నరసాపురం, చించినాడ అవతలి ఊళ్లకు 350 రూపాయలు తీసుకుంటాము; ఇబ్బంది తీరకపోతే ఏమీ ఇవ్వనక్కరలేదు. ఇదివరకు ఉచితం అనేవాళ్లము, ఉచితం కాబట్టి పది రోజులకు గాని వచ్చేవాళ్లము కాదు. ఇప్పుడు మూడు రోజులలోపు వస్తాము.

మంగళవారం దుకాణానికి సెలవు. మిగిలిన రోజులలో వచ్చేటప్పుడు టీవీ వెనక అంటించిన మోడల్ చీటీనీ, రౌటర్ అడుగున ఉన్న చీటీనీ ఫోనులో ఫోటో తీసుకుని రండి. రౌటర్ చీటీ మీద పాస్‌వర్డ్ ఉన్న చోట వేలు అడ్డం పెట్టి తీయండి, అది మాకు అక్కరలేదు.