ఇల్లు కొనేవారికి 2009 నీటిమట్టం తెలియాలి

సంపాదకుడు గారికి,

ఆర్యా,

కర్నూలులో ఇల్లో, ఫ్లాటో కొనేవారు వకీలు చేత లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు) చదివించి, సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ (ఆస్తిపై లావాదేవీలు, అప్పులు చూపే పత్రం) తీయించి, స్థలం రిజిస్ట్రేషన్‌కు వీల్లేని 22ఏ నిషేధిత జాబితాలో లేదని తేల్చుకున్నాక ఇక భయం లేదనుకుంటున్నారు. ఇవన్నీ తప్పక చేయవలసినవే. అయితే ఆ కాగితాలు ఆస్తి ఎవరిదో, దానిమీద అప్పేమైనా ఉందో చెబుతాయి తప్ప, ఆ వీధిలోకి వరద వస్తుందా, చీకటి పడ్డాక ఆడపిల్ల ట్యూషన్ నుంచి నిర్భయంగా నడిచి రాగలదా అన్నవి చెప్పవు.

వరద సంగతి మన ఊరికి మరీ ముఖ్యం. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగిన వేళ, దిగువన శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులను మించి 896 అడుగులు కూడా దాటడంతో, వచ్చిన నీరు వచ్చినట్టు పోయే దారి లేక పాతబస్తీ మునిగిపోయింది. ఆ రోజు మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకున్నవారికి ఏ వీధిలో ఎంత లోతు నీరు నిలిచిందో ఇప్పటికీ గుర్తే. కానీ ఆ గోడలకు ఎన్నోసార్లు సున్నాలు పడ్డాయి, కొన్ని ఇళ్లు చేతులు మారాయి. ఉద్యోగరీత్యా ఇతర ఊళ్ల నుంచి వచ్చి 20 ఏళ్ల బ్యాంకు రుణంతో కొంటున్న కుటుంబాలకు ఆ విషయం చెప్పేవారే లేరు. అమ్మేవారు చెబుతారని ఆశించడం కష్టం.

నది మాత్రమే కాదు, పూడ్చిన వంకలూ ప్రమాదమే. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలను ముంచెత్తింది. రెవెన్యూ గ్రామ పటంలో వాగులు, చెరువులు గీసి ఉంటాయి కనుక, కొనబోయే సర్వే నంబరును అందులో చూసుకోవడం ఈసీ తీయించినంత తప్పనిసరి కావాలి. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ, 8 కంటే ఎక్కువ ఫ్లాట్లతో గానీ కట్టే ప్రాజెక్టులను స్థిరాస్తి నియంత్రణ సంస్థ అయిన రెరాలో నమోదు చేయాలి కాబట్టి వాటి అనుమతులను ఎవరైనా పరిశీలించవచ్చు. పాత ఇళ్లకు, చిన్న కట్టడాలకు ఆ రక్షణ లేదు. వానాకాలంలో ఒకసారి, రాత్రి ఎనిమిది దాటాక ఒకసారి వెళ్లి చూసి, మధ్యవర్తిని కాకుండా పక్కింటి గృహిణులను అడగడమే వాటికి మార్గం. కుళాయి నీళ్లు ఎన్ని రోజులకొకసారి వస్తాయో, వీధి దీపాలు వెలుగుతాయో లేదో, మురుగు ఎటు పోతుందో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

నగరపాలక సంస్థకు నా విన్నపం ఒక్కటే. 2009లో మునిగిన ప్రతి వీధిలోనూ నాటి నీటిమట్టాన్ని కరెంటు స్తంభాల మీద చెరగని రంగుతో గుర్తించాలి. ఆ వివరాలను సర్వే నంబర్ల వారీగా వార్డు సచివాలయాల్లో అందరికీ కనిపించేలా ప్రదర్శించాలి. నాటి వరదను కళ్లారా చూసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు కాబట్టి, వారిని వెంటబెట్టుకొని ఈ పనిని వచ్చే వానాకాలం లోపే మొదలుపెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, కర్నూలు